లినక్స్ నెట్‌వర్క్ టెస్టుల్లో డివైస్ అట్రిబ్యూట్ కనిపించకపోతే: కారణం పట్టుకునే పద్ధతి

లినక్స్ కెర్నెల్ నెట్‌వర్క్ సెల్ఫ్‌టెస్టులు (కెర్నెల్ సోర్సుతోపాటే వచ్చే పరీక్షలు) నడిపేవారికి తరచు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇంటర్‌ఫేస్ కళ్లెదుటే ఉంటుంది, దాని మీదుగా పింగ్ కూడా వెళుతుంది, కాని టెస్టు అడిగిన అట్రిబ్యూట్ (డివైస్ గురించి కెర్నెల్ చెప్పే ఒక వివరం) మాత్రం దొరకదు. టెస్టు "నాట్ ఓకే" అని ముద్రించి ఆగిపోతుంది. చాలామంది వెంటనే డ్రైవర్ కోడ్ తెరుస్తారు, లేదా కొత్తగా చేరిన ప్యాచ్‌లను అనుమానిస్తారు. అంత తొందర అక్కరలేదు. సాధారణంగా తప్పు టెస్టు నడిచిన పరిసరంలో ఉంటుంది: ఏదో కాన్ఫిగ్ (కెర్నెల్ బిల్డ్ ఆప్షన్) ఆన్ కాలేదు, డివైస్ డౌన్‌లో ఉంది, పేరు మారింది, లేదా టెస్టు ఒక నేమ్‌స్పేస్‌లో (తన ఇంటర్‌ఫేస్‌లు తనకే ఉండే నెట్‌వర్క్ విభాగంలో) ఉండి మరొక నేమ్‌స్పేస్ సిస్‌ఎఫ్‌ఎస్‌ను (డివైస్ వివరాలను /సిస్ కింద ఫైళ్లుగా చూపే ఫైల్ సిస్టమ్‌ను) చదువుతోంది. వీటన్నిటినీ తోసిపుచ్చిన తరువాతనే కెర్నెల్‌ను తప్పుపట్టాలి. కింది మెట్లు ఆ వరుసలోనే ఉన్నాయి; తక్కువ ఖర్చుతో తేలే ప్రశ్నలు ముందు, బైసెక్ట్ (తప్పు తెచ్చిన కమిట్‌ను సగం సగం చేస్తూ వెతకడం) వంటి ఖరీదైన పనులు చివర.

## మొదటి మెట్టు: ఎర్రర్ సంఖ్య చూడండి

"అట్రిబ్యూట్ లేదు" అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు స్థితులు దాగి ఉంటాయి. ఫైలే లేకపోవడం ఒకటి. ఫైలు ఉన్నా చదవబోతే ఎర్రర్ రావడం రెండవది. చదవగలిగినా -1 లేదా "అన్‌నోన్" వంటి అర్థంలేని విలువ రావడం మూడవది. నెట్‌లింక్ (సాకెట్ ద్వారా కెర్నెల్‌తో సందేశాలు మార్చుకునే దారి) జవాబులో ఆ అట్రిబ్యూట్ అసలు చేరకపోవడం నాలుగవది. టెస్టు స్క్రిప్టులు చాలావరకు ఎర్రర్ సందేశాలను డెవ్‌నల్‌లోకి పంపి ఖాళీ స్ట్రింగ్‌ను మాత్రమే పోల్చుకుంటాయి కాబట్టి, పైనుంచి చూస్తే ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. అందుచేత టెస్టును పక్కన పెట్టి, అదే ఫైలును చేత్తో క్యాట్ చేసి చూడాలి. వీలైతే ఎస్‌ట్రేస్ కింద నడిపి ఏ సిస్టమ్ కాల్ ఏ సంఖ్యతో తిరిగి వచ్చిందో గమనించాలి.

సంఖ్య తెలిస్తే దారి సగం తెలిసినట్టే. ఫైలు తెరిచేటప్పుడే 2, అంటే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ", వస్తే పేరు, నేమ్‌స్పేస్, కాన్ఫిగ్, వెర్షన్ అనే నాలుగు దిక్కుల్లో వెతకాలి. చదివేటప్పుడు 22, అంటే "ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్", వస్తే డివైస్ స్థితి మీద అనుమానం పెట్టుకోవాలి. 95, అంటే "ఆపరేషన్ నాట్ సపోర్టెడ్", వస్తే ఆ డ్రైవర్‌కు ఆ సౌకర్యం లేదు. 13 లేదా 1 అనుమతులకు సంబంధించినవి. కంటైనర్ లోపల సిస్‌ఎఫ్‌ఎస్ రీడ్‌ఓన్లీగా మౌంట్ అయి ఉంటే రాసేటప్పుడు 30 వస్తుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, దాన్ని వివరంగా చెప్పుకోవాలి. డమ్మీ డివైస్ (వెనుక హార్డ్‌వేర్ లేని ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్) ఒకటి సృష్టించి, /సిస్/క్లాస్/నెట్/డమ్మీ0/క్యూస్/టీఎక్స్-0/ డైరెక్టరీలో ఎల్‌ఎస్ ఇస్తే ఎక్స్‌పీఎస్_సీపీయూస్ (ఈ ట్రాన్స్‌మిట్ క్యూను ఏ సీపీయూలు వాడాలో చెప్పేది) అనే ఫైలు కనిపిస్తుంది. దాన్నే క్యాట్ చేస్తే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది. కళ్లకు కనిపిస్తున్న ఫైలు లేదనడం ఏమిటని తికమకపడవలసిన పని లేదు. ఎస్‌ట్రేస్‌లో చూస్తే ఓపెన్ సఫలమైందనీ, రీడ్ మాత్రమే 2తో తిరిగి వచ్చిందనీ తెలుస్తుంది. ఒకే ట్రాన్స్‌మిట్ క్యూ ఉన్న డివైస్‌లకు ఈ ప్రశ్న వర్తించదు కాబట్టి కెర్నెల్ ఉద్దేశపూర్వకంగానే ఆ సంఖ్య ఇస్తుంది. ఒకే క్యూ జతతో లేపిన వర్చియో (వర్చువల్ మెషిన్లు వాడే) నెట్‌వర్క్ కార్డు మీద కూడా ఇదే జరుగుతుంది. అంటే "2 వచ్చింది కాబట్టి ఫైలు లేదు" అన్న నిర్ణయం ఓపెన్ దగ్గర వచ్చిన 2కే చెల్లుతుంది, రీడ్ దగ్గర వచ్చిన దానికి చెల్లదు. అలాంటి టెస్టుకు క్యూల సంఖ్య పెంచి డివైస్‌ను సృష్టించడమే మందు.

## రెండవ మెట్టు: చూస్తున్నది సరైన డివైస్‌నేనా

పేరుతో మొదలుపెట్టండి. 2013లో వచ్చిన సిస్టమ్‌డీ 197వ వెర్షన్ నుంచి యూడెవ్ (కొత్త డివైస్‌లు పుట్టినప్పుడు వాటిని చూసుకునే సర్వీసు) ఇంటర్‌ఫేస్‌లకు స్థిరమైన పేర్లు పెడుతోంది. ఈత్0 అని పుట్టిన కార్డు క్షణాల్లో ఈఎన్‌పీ0ఎస్3 అయిపోవచ్చు. నెట్‌డెవ్‌సిమ్ (టెస్టుల కోసమే కెర్నెల్‌లో ఉన్న నకిలీ నెట్‌వర్క్ డ్రైవర్) వాడే టెస్టుల్లో ఇది మరింత తరచుగా కనిపిస్తుంది. /సిస్/బస్/నెట్‌డెవ్‌సిమ్/న్యూ_డివైస్ ఫైలులోకి "10 1" అని రాస్తే పదవ నంబరు పరికరం ఒక పోర్టుతో పుడుతుంది. యూడెవ్ నడుస్తున్న యంత్రంలో దాని పేరు ఈఎన్‌ఐ10ఎన్‌పీ1 అవుతుంది, యూడెవ్ లేని చిన్న వర్చువల్ మెషిన్‌లో ఈత్ అనే పేరుతోనే మిగిలిపోతుంది. పేరును స్క్రిప్టులో గట్టిగా రాసేసిన టెస్టు ఒక చోట నెగ్గి మరొక చోట ఓడిపోవడం ఇందువల్లనే. పేరును ఊహించడం మాని, నెట్‌డెవ్‌సిమ్10 డైరెక్టరీ కింద ఉండే నెట్ అనే ఉపడైరెక్టరీని చదివి తెలుసుకోవాలి. పేరు మారడానికి ముందే చదివేయకుండా యూడెవ్‌ఆడ్మ్ సెటిల్ అనే కమాండ్ ఇచ్చి ఆగాలి. నిద్ర పెట్టడం, అంటే స్లీప్ 1 అని రాయడం, పరిష్కారం కాదు. లోడు ఎక్కువగా ఉన్న సీఐ (టెస్టులను తనంతట తానే నడిపే) యంత్రంలో ఆ ఒక్క సెకను చాలకపోవచ్చు.

నేమ్‌స్పేస్ సంగతి ఇంతకన్నా లోతైనది. సిస్‌ఎఫ్‌ఎస్ మౌంట్ అయినప్పుడు ఏ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అమలులో ఉందో, /సిస్/క్లాస్/నెట్ కింద ఎప్పటికీ ఆ నేమ్‌స్పేస్ డివైస్‌లే కనిపిస్తాయి. ప్రాసెస్ తరువాత వేరే నేమ్‌స్పేస్‌లోకి మారినా మౌంట్ మారదు. ఐపీ నెట్‌ఎన్‌ఎస్ ఎగ్జెక్ కమాండ్ ఈ సంగతి తెలిసినదే కాబట్టి కొత్త మౌంట్ నేమ్‌స్పేస్ తెరిచి, సిస్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ మౌంట్ చేసి, ఆ తరువాతే మనం ఇచ్చిన కమాండ్‌ను నడుపుతుంది. ఎన్‌ఎస్‌ఎంటర్‌కు నెట్ ఆప్షన్ ఒక్కటే ఇచ్చినా, అన్‌షేర్‌కు ఎన్ ఆప్షన్ ఒక్కటే ఇచ్చినా ఆ పని జరగదు. ఫలితంగా ఐపీ లింక్ షో కొత్త నేమ్‌స్పేస్‌లోని వీత్ జతను (ఒకదానికొకటి కలిపిన రెండు వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లను) చూపిస్తుంది, /సిస్/క్లాస్/నెట్ మాత్రం పాత యంత్రంలోని కార్డులను చూపిస్తుంది. నెట్‌లింక్ ఒక మాట, సిస్‌ఎఫ్‌ఎస్ మరొక మాట చెబుతున్నాయంటే మొదట అనుమానించవలసింది దీన్నే. అన్‌షేర్‌కు మౌంట్ ఆప్షన్ కూడా జతచేసి, లోపల సిస్‌ఎఫ్‌ఎస్‌ను /సిస్ మీద కొత్తగా మౌంట్ చేస్తే రెండూ ఏకమవుతాయి.

ఈ మందుకు ఒక దుష్ఫలితం ఉంది. ఐపీ నెట్‌ఎన్‌ఎస్ ఎగ్జెక్ పాత సిస్‌ఎఫ్‌ఎస్‌ను విడదీసి కొత్తది మౌంట్ చేసినప్పుడు, పాతదాని కింద వేలాడుతున్న డీబగ్‌ఎఫ్‌ఎస్ (డీబగ్ ఫైళ్లుండే ఫైల్ సిస్టమ్), బీపీఎఫ్ ఫైల్ సిస్టమ్ వంటివి దానితోపాటు కనుమరుగవుతాయి. నెట్‌డెవ్‌సిమ్ తన సర్దుబాట్లను /సిస్/కెర్నెల్/డీబగ్/నెట్‌డెవ్‌సిమ్ కింద పెడుతుంది కాబట్టి, బయట చక్కగా దొరికిన పోర్టు ఫైళ్లు నేమ్‌స్పేస్ లోపల లేకుండా పోతాయి. డీబగ్‌ఎఫ్‌ఎస్‌ను లోపల మళ్లీ మౌంట్ చేయాలి, లేదా ఆ ఫైళ్లను ముట్టే భాగాన్ని బయటి నేమ్‌స్పేస్ నుంచే నడపాలి. రెండవ మార్గమే నాకు శుభ్రంగా అనిపిస్తుంది.

## మూడవ మెట్టు: డివైస్ స్థితి, డ్రైవర్ సామర్థ్యం

క్యారియర్ ఫైలు ఇంటర్‌ఫేస్ డౌన్‌లో ఉన్నప్పుడు 0 ఇస్తుందని చాలామంది అనుకుంటారు. ఇవ్వదు, 22 ఎర్రర్ ఇస్తుంది. ఐపీ లింక్ సెట్ తో డివైస్‌ను అప్ చేసిన తరువాతనే 0 లేదా 1 వస్తుంది. డౌన్‌లో ఉన్నప్పుడు కూడా స్థితి తెలియవలసి వస్తే ఆపర్‌స్టేట్ చదవడం మేలు, అది ఎర్రర్ ఇవ్వకుండా "డౌన్" అని చెబుతుంది.

స్పీడ్, డ్యూప్లెక్స్ ఫైళ్లు డ్రైవర్ మీద ఆధారపడతాయి. లూప్‌బ్యాక్, డమ్మీ డ్రైవర్లలో లింక్ సెట్టింగులు చెప్పే ఫంక్షన్ లేదు కాబట్టి ఎన్నిసార్లు చదివినా 22 వస్తుంది. వీత్ మాత్రం 10000 అని చెబుతుంది. అది కొలిచిన వేగం కాదు, డ్రైవర్‌లో రాసిపెట్టిన అంకె. వర్చియో కార్డు, హైపర్‌వైజర్ వేగం చెప్పకపోతే, -1 ఇస్తుంది, డ్యూప్లెక్స్ అడిగితే "అన్‌నోన్" అంటుంది. క్యూఈఎంయూ కమాండ్‌లో ఆ కార్డుకు వేగాన్నీ డ్యూప్లెక్స్‌నూ ఇస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. బాండింగ్ (పలు పోర్టులను ఒకే ఇంటర్‌ఫేస్‌గా కలపడం) టెస్టుల్లో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే 802.3ఏడీ మోడ్ పోర్టులను గుంపులుగా కట్టేటప్పుడు వేగాన్నీ డ్యూప్లెక్స్‌నూ చూస్తుంది.

ఇంటర్‌ఫేస్ డైరెక్టరీలో ఉండే "డివైస్" అనే సింబాలిక్ లింకు కూడా ఇలాంటిదే. పీసీఐ కార్డుకు అది ఉంటుంది. బ్రిడ్జ్, వీత్, డమ్మీ వంటివి /సిస్/డివైసెస్/వర్చువల్/నెట్ కింద పుడతాయి కాబట్టి వాటికి ఉండదు. ఆ లింకు ద్వారా డ్రైవర్ పేరు తెలుసుకునే టెస్టు వర్చువల్ డివైస్ మీద తప్పక విఫలమవుతుంది. డ్రైవర్ పేరు కోసం ఈత్‌టూల్ కమాండ్‌ను ఐ ఆప్షన్‌తో అడగడం నమ్మదగిన పద్ధతి.

## నాలుగవ మెట్టు: కాన్ఫిగ్

నడుస్తున్న కెర్నెల్ కాన్ఫిగ్ /ప్రోక్/కాన్ఫిగ్.జీజెడ్ లో దొరుకుతుంది, అయితే దానికి ఐకేకాన్ఫిగ్, ఐకేకాన్ఫిగ్_ప్రోక్ రెండూ ఆన్ అయి ఉండాలి. లేకపోతే బిల్డ్ డైరెక్టరీలోని.కాన్ఫిగ్ ఫైలు చూడండి. ఏ అట్రిబ్యూట్ ఏ కాన్ఫిగ్ మీద ఆధారపడిందో నెట్/కోర్/నెట్-సిస్‌ఎఫ్‌ఎస్.సీ ఫైలులో ఇఫ్‌డెఫ్ వరుసలు వెతికితే నేరుగా తెలుస్తుంది. ఆర్‌పీఎస్_సీపీయూస్ ఫైలుకు ఆర్‌పీఎస్, ఎక్స్‌పీఎస్_సీపీయూస్ ఫైలుకు ఎక్స్‌పీఎస్ కావాలి. ఆ రెండూ ఎస్‌ఎంపీ (పలు ప్రాసెసర్ల మద్దతు) మీద ఆధారపడతాయి కాబట్టి ఒకే ప్రాసెసర్‌కు కట్టిన కెర్నెల్‌లో ఆ ఫైళ్లు రానే రావు.

టెస్టులకు కావలసిన కాన్ఫిగ్‌లు టూల్స్/టెస్టింగ్/సెల్ఫ్‌టెస్ట్స్/నెట్ డైరెక్టరీలోని కాన్ఫిగ్ అనే ఫైలులో ఉన్నాయి. దాన్ని మేక్ కేసెల్ఫ్‌టెస్ట్-మెర్జ్ ద్వారా గాని, వర్ట్‌మీ-ఎన్‌జీ (కెర్నెల్‌ను వర్చువల్ మెషిన్‌లో నడిపి చూసే పరికరం) బిల్డ్ కమాండ్‌కు కాన్ఫిగ్ ఆప్షన్‌గా ఇచ్చి గాని కలపవచ్చు. కలిపినంత మాత్రాన పని అయిపోలేదు. ఒక కాన్ఫిగ్‌కు అవసరమైన మరొక కాన్ఫిగ్ ఆఫ్‌లో ఉంటే కేకాన్ఫిగ్ (కెర్నెల్ కాన్ఫిగ్‌లను తేల్చే వ్యవస్థ) చప్పుడు చేయకుండా మన కోరికను కొట్టేస్తుంది. మెర్జ్ స్క్రిప్టు అయితే, అడిగిన విలువ తుది ఫైలులో లేదని ఒక హెచ్చరిక ముద్రిస్తుంది. వందల వరుసల బిల్డ్ లాగ్‌లో ఆ ఒక్క వరుసను ఎవరూ చదవరు. అందుకే కలిపిన తరువాత .కాన్ఫిగ్‌లో గ్రెప్ చేసి నిర్ధారించుకోవడం అలవాటు చేసుకోవాలి.

కాన్ఫిగ్ "ఎం" అని ఉంటే మాడ్యూల్ కూడా టెస్టు యంత్రంలో ఉండాలి. యూనేమ్ చూపే వెర్షన్‌కూ /లిబ్/మాడ్యూల్స్ కింద ఉన్న డైరెక్టరీ పేరుకూ తేడా ఉంటే మోడ్‌ప్రోబ్ విఫలమవుతుంది, నెట్‌డెవ్‌సిమ్ బస్ డైరెక్టరీయే ఏర్పడదు, చివరికి టెస్టు మాత్రం ఏదో అట్రిబ్యూట్ లేదని ఫిర్యాదు చేస్తుంది.

## ఐదవ మెట్టు: నెట్‌లింక్ జవాబులో లేకపోతే

సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఫైలు ఉంటుంది లేదా ఉండదు. నెట్‌లింక్‌లో అట్రిబ్యూట్ రాకపోవడానికి మరికొన్ని మర్యాదపూర్వకమైన కారణాలు ఉంటాయి. అడిగే తీరు మొదటిది. లింక్ వివరాలు అడిగే సందేశంలో ఎక్స్‌ట్ మాస్క్ అనే ఫీల్డు ఉంటుంది. అందులో వీఎఫ్ బిట్ పెట్టకపోతే వర్చువల్ ఫంక్షన్ల (ఒకే కార్డు పలు కార్డులుగా చూపే భాగాల) వివరాలు రావు, గణాంకాలు వద్దనే బిట్ పెడితే కొన్ని గణాంకాలు రావు. టెస్టు సొంతంగా సాకెట్ తెరిచి సందేశం పంపుతుంటే ఈ మాస్క్‌ను తప్పక చూడాలి.

చూపించే పరికరం రెండవది. కెర్నెల్ పంపినా పాత ఐపీరూట్2 (ఐపీ కమాండ్ ఉండే ప్యాకేజీ) ఆ అట్రిబ్యూట్‌ను గుర్తుపట్టకపోతే ముద్రించదు. డీ ఆప్షన్ ఇవ్వకపోతే కొత్తది కూడా చాలా వివరాలు దాచుకుంటుంది. ఈత్‌టూల్‌కు నెట్‌లింక్ దారి 2020లో, 5.6 కెర్నెల్‌తో వచ్చింది. కెర్నెల్‌లో ఈత్‌టూల్ నెట్‌లింక్ కాన్ఫిగ్ ఆఫ్‌లో ఉంటే ఆ పరికరం నోరెత్తకుండా పాత ఐఓసీటీఎల్ సిస్టమ్ కాల్ దారికి మళ్లుతుంది, ఆ దారిలో లేని ఫీల్డులు జవాబులోంచి జారిపోతాయి. కెర్నెల్ నిజంగా ఏమి పంపిందో తెలియాలంటే ఎన్‌ఎల్‌మాన్ (నెట్‌లింక్ సందేశాలను గమనించే) రకం డివైస్ ఒకటి సృష్టించి, అప్ చేసి, దాని మీద టీసీపీడంప్‌తో పట్టుకోవచ్చు. రోజువారీ పనికి మాత్రం ఎస్‌ట్రేస్ చాలు. అది రూట్ నెట్‌లింక్ సందేశాలను అట్రిబ్యూట్ పేర్లతో సహా విప్పి చూపిస్తుంది.

మూడవది, అట్రిబ్యూట్ ఐచ్ఛికం కావడం. కెర్నెల్ చెట్టులోని (సోర్స్ కోడ్‌లోని) వైఎన్‌ఎల్ పరికరం డాక్యుమెంటేషన్/నెట్‌లింక్/స్పెక్స్ కింద ఉన్న యామల్ ఫైళ్లను (స్పెక్‌లను) చదివి ప్రశ్నలు అడుగుతుంది. పైథాన్‌లో రాసిన కొత్త టెస్టులు దీన్నే వాడుతాయి. 2024లో 6.8 కెర్నెల్‌తో వచ్చిన క్యూ, న్యాపి (డ్రైవర్ ప్యాకెట్లను గుంపులుగా అందుకునే యంత్రాంగం) ప్రశ్నలను ఉదాహరణగా తీసుకుంటే, డివైస్ డౌన్‌లో ఉన్నప్పుడు జవాబు ఖాళీ జాబితాగా వస్తుంది. అప్‌లో ఉన్నా, డ్రైవర్ తన క్యూను న్యాపితో ముడిపెట్టకపోతే క్యూ వివరంలో న్యాపి-ఐడీ ఉండదు. థ్రెడెడ్ న్యాపి (ఆ పనిని వేరే థ్రెడ్‌లో నడపడం) ఆన్ చేయకపోతే పీఐడీ ఉండదు. స్పెక్‌లో పేరు ఉంది కదా అని పైథాన్ డిక్షనరీలో నేరుగా ఆ కీ అడిగే టెస్టు కీఎర్రర్‌తో కూలిపోతుంది. స్పెక్‌లో పేరు ఉండటం అంటే రావచ్చు అని మాత్రమే, వచ్చి తీరుతుంది అని కాదు. ఈ తేడాను టెస్టు రాసేవారు గుర్తించకపోవడమే ఈ తరహా వైఫల్యాలకు మూలమని నా అభిప్రాయం.

పరిమాణం కూడా ఒక కారణమే, అరుదైనదైనా. నెట్‌లింక్ అట్రిబ్యూట్ పొడవును 16 బిట్లలో రాస్తారు కాబట్టి ఒక అట్రిబ్యూట్ 65535 బైట్లకు మించదు. వర్చువల్ ఫంక్షన్లు వందల్లో ఉన్న కార్డు మీద వాటి జాబితా ఈ హద్దును తాకుతుంది. ఒకటి రెండు ఫంక్షన్లతో అదే టెస్టు నెగ్గితే ఇటువైపు చూడండి.

## ఆరవ మెట్టు: ఆ అట్రిబ్యూట్ ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది

డాక్యుమెంటేషన్/ఏబీఐ/టెస్టింగ్ డైరెక్టరీలో సిస్‌ఎఫ్‌ఎస్-క్లాస్-నెట్ తో మొదలయ్యే ఫైళ్లున్నాయి. ప్రతి అట్రిబ్యూట్ పక్కన అది ఏ కెర్నెల్ వెర్షన్‌లో వచ్చిందో రాసి ఉంటుంది: క్యారియర్_అప్_కౌంట్ 4.16లో, థ్రెడెడ్ 5.12లో వచ్చాయి. కొత్త చెట్టులోని టెస్టులను పాత స్టేబుల్ కెర్నెల్ మీద నడిపేవారికి ఈ తనిఖీ తప్పనిసరి. సీ భాషలో రాసిన టెస్టులైతే హెడర్ల సంగతి కూడా ఉంది; ముందుగా మేక్ హెడర్స్ నడపకపోతే డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన పాత హెడర్లతో కంపైల్ కాబోయి కొత్త అట్రిబ్యూట్ పేరు తెలియదని ఆగిపోవచ్చు.

తెలిసి తొలగించినవీ ఉంటాయి. బైట్_క్యూ_లిమిట్స్ (క్యూలో నిలవగల బైట్ల హద్దులు) డైరెక్టరీ ఒకప్పుడు ప్రతి ట్రాన్స్‌మిట్ క్యూ కిందా ఉండేది. లూప్‌బ్యాక్, డమ్మీ, వీత్ వంటి క్యూలేని డివైస్‌లకు దానితో పని లేదు కాబట్టి 2024లో, 6.9 కెర్నెల్ నుంచి, వాటికి ఆ డైరెక్టరీని సృష్టించడం మానేశారు. డమ్మీ డివైస్ మీద ఆ డైరెక్టరీని వెతికే పాత టెస్టు ఇప్పుడు విఫలమవుతుంది, అందులో కెర్నెల్ తప్పేమీ లేదు. అలాగే ఒక అట్రిబ్యూట్‌కు ఈజ్_విజిబుల్ (ఫైలు కనిపించాలా వద్దా అని తేల్చే) తనిఖీని జోడిస్తే, నిన్నటి వరకు చదివినప్పుడు 95 ఇచ్చిన ఫైలు నేడు కనిపించకుండా పోయి ఓపెన్ దగ్గరే 2 ఇస్తుంది. 95ను మాత్రమే ఊహించిన టెస్టు తడబడుతుంది. నెట్-సిస్‌ఎఫ్‌ఎస్.సీ ఫైలు మీద అట్రిబ్యూట్ పేరుతో గిట్ లాగ్‌కు పెద్ద అక్షరపు ఎస్ ఆప్షన్ ఇస్తే ఈ చరిత్ర అంతా నిమిషంలో బయటపడుతుంది.

## ఏడవ మెట్టు: అప్పటికీ తేలకపోతే

సిస్‌ఎఫ్‌ఎస్ చదివే ఫంక్షన్ పేరు సాధారణంగా అట్రిబ్యూట్ పేరుకు _షో చేర్చితే వస్తుంది. దాని మీద ఎఫ్‌ట్రేస్ (కెర్నెల్ ఫంక్షన్ల నడకను నమోదు చేసే సాధనం) ఫంక్షన్ గ్రాఫ్ పెట్టి క్యాట్ చేస్తే, ఎర్రర్ ఎక్కడి నుంచి తిరిగి వచ్చిందో, డ్రైవర్ దాకా వెళ్లిందో లేదో కనిపిస్తుంది. నెట్‌లింక్ వైపు ఆర్‌టీఎన్‌ఎల్_ఫిల్_ఇఫ్‌ఇన్ఫో మీద అదే పని చేయాలి.

పాత కెర్నెల్‌లో నెగ్గి, అదే కాన్ఫిగ్, అదే టెస్టు, అదే పరికరాలతో కొత్తదానిలో ఓడిపోతుంటే బైసెక్ట్ చేయవచ్చు. ఇక్కడ ఎగ్జిట్ కోడ్‌ల విషయంలో జాగ్రత్త అవసరం. సెల్ఫ్‌టెస్టులు స్కిప్ అయినప్పుడు 4 ఇస్తాయి. గిట్ బైసెక్ట్ రన్ మాత్రం 0ను మంచిగా, 125ను దాటవేతగా, 1 నుంచి 127 వరకు మిగిలినవాటిని చెడుగా లెక్కిస్తుంది. స్కిప్‌ను అలాగే అందిస్తే బైసెక్ట్ దాన్ని చెడు కమిట్‌గా రాసుకుని, చివరకు ఏ సంబంధమూ లేని ప్యాచ్‌ను వేలెత్తి చూపిస్తుంది. చిన్న షెల్ స్క్రిప్టు ఒకటి మధ్యలో పెట్టి 4ను 125గా మార్చాలి. కెర్నెల్ బిల్డ్ కాకపోయినా 125 ఇవ్వాలి. వర్చువల్ మెషిన్ లోపలి ఎగ్జిట్ కోడ్ బయటకు చేరుతుందన్న నమ్మకం లేకపోతే, టెస్టు ముద్రించిన ట్యాప్ వరుసను ("ఓకే", "నాట్ ఓకే" అని ఫలితం చెప్పే వరుసను) చదివి నిర్ణయించాలి. స్క్రిప్టును మొదట తెలిసిన మంచి కమిట్ మీద, తెలిసిన చెడు కమిట్ మీద ఒక్కొక్కసారి నడిపి చూసుకున్నాకే బైసెక్ట్‌కు అప్పగించాలి.

కమిట్ దొరికిన తరువాత కెర్నెల్‌ను సరిచేయాలా, టెస్టునా అన్నది తేల్చుకోవాలి. యూజర్‌స్పేస్ ప్రోగ్రాములు ఆధారపడే ఫైలు చెప్పాపెట్టకుండా పోయి ఉంటే అది రిగ్రెషన్ (ముందు పనిచేసినది చెడిపోవడం); స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని గెట్_మెయింటైనర్ చూపిన వారికి, ఎర్రర్ సంఖ్య, కాన్ఫిగ్, డివైస్ రకం, దోషానికి కారణమైన కమిట్ హ్యాష్‌లో మొదటి 12 అక్షరాలు జతచేసి రాయాలి. డ్రైవర్‌కు సామర్థ్యం లేకపోవడమే కారణమైతే టెస్టు స్కిప్ కావాలి: షెల్‌లో 4తో, పైథాన్‌లో కేఎస్‌ఎఫ్‌టీ స్కిప్ ఎక్సెప్షన్‌తో. అయితే ఏ ఎర్రర్ వచ్చినా స్కిప్ అని రాయడం మాత్రం నేను ఒప్పుకోలేను. 95 వస్తే స్కిప్ చేయండి. కాన్ఫిగ్ ఆఫ్‌లో ఉందని నిర్ధారించుకుని స్కిప్ చేయండి. డివైస్ అప్‌లో ఉండగా, డ్రైవర్‌కు సామర్థ్యం ఉండగా 22 వస్తే ఫెయిల్ కానివ్వండి. స్కిప్ సందేశంలో ఏ ఫైలు, ఏ సంఖ్య అన్నవి రెండూ ముద్రించండి, లాగ్ చదివే తరువాతి మనిషి మొదటి మెట్టును మళ్లీ ఎక్కవలసిన పని ఉండదు.